ఒక్క కాలే వాచింది

లావుపాటి ఆడమనిషి తనకు నొప్పి అంటే మనకు ముందు నవ్వెందుకు వస్తుంది? ఎన్నో ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పోయిన నెల, రాములవారి కల్యాణానికి పదిరోజుల ముందు, భద్రాచలం పక్కన సారపాకలో మా వదిన చనిపోయింది. ఆమెకు యాభై నిండలేదు.

అన్నయ్యతో కొట్లాడి నన్ను యూనివర్సిటీకి పంపింది ఆమే. ఏటా కల్యాణం తలంబ్రాల కోసం వీధి ఆడవాళ్లను వరండాలో కూర్చోబెట్టి వడ్లు గోటితో ఒలిపించేది. "గింజ విరగొద్దు, మనిషి మనసు విరగొద్దు" అనేది. విరిచేది మేమే. ఆమె కూర్చోబోతే పీటకు దండం పెట్టేవాళ్లం. ఆమే ముందు నవ్వేది.

ముట్టయితే ఆ వడ్లు తాకకూడదు. రెండేళ్లుగా వదినకు నెలసరి దారి తప్పింది. రెండు నెలలు రాదు, వస్తే ఆగదు. ఈసారి నెలసరి వాయిదా వేసే గోళీలు తెమ్మంది. "చదువుకున్నదానివి, నువ్వడిగితే జల్దీ ఇస్తరు." ఖమ్మంలో నేనే కొన్నాను. ఎన్ని రోజులు వాడొచ్చో నేను అడగలేదు, షాపతను చెప్పలేదు. పెట్టెలోని కాగితం చదవనే లేదు. నెల్లాళ్లు అవి మింగుతూ, పొద్దంతా కదలకుండా కూర్చుని ఒలిచింది.

ఒకరోజు చీర కుచ్చిళ్లెత్తి ఎడమ పిక్క చూపించింది. ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉంది.

"ఒక్క కాలే వాచిందా? నాకైతే మనిషంత వాచినట్టే కనబడ్తంది" అంది పక్కింటామె. అందరం నవ్వాం. నేనూ.

దవాఖానాకు పోదామన్నాను, నవ్వు ఆపుకుంటూనే.

"పంటినొప్పికి పోయినా నన్ను కాటా ఎక్కిస్తరు మరదలా. బరువు తగ్గు, పో అంటరు."

నేను మళ్లీ అడగలేదు.

మర్నాడు పొద్దున చాట పట్టుకుని లేవబోయి, ఊపిరందక కూలబడింది. భద్రాచలం చేరేసరికే అయిపోయింది. పిక్కలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందన్నాడు డాక్టర్. ముట్లుడిగే వయసు, ఒళ్లు, గంటల తరబడి కూర్చోవడం, అన్నీ కలుస్తాయట. నెలసరి గోళీలేమైనా వాడేదా అని అడిగాడు. ఆ సంగతి తెలియని అన్నయ్య లేదన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

ఇప్పుడు అందరూ లావే చంపిందంటున్నారు. అది నమ్మి నా మేనకోడలు అన్నం మానేసింది. తల్లిలో సగం కూడా ఉండదు ఆ పిల్ల. నిన్న కంచంలో నాలుగు దోసకాయ ముక్కలు పెట్టుకుని, రెండు తిని, "చాలత్తా" అని లేచింది.

లావు పాలెంత, నేను తెచ్చిన గోళీల పాలెంత, నాకు తెలియదు. వాటి సంగతి చెబితే ఆ పిల్ల తింటుందేమో. నా ముఖం మళ్లీ చూడకపోవచ్చు. చెప్పాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.