దయ్యం సినిమాకు బీపీ పరీక్ష

హైదరాబాద్ పెరిగి పెరిగి మా ఇబ్రహీంపట్నం గడప దాకా వచ్చిన రోజులవి. భూముల ధరలు కలిసొచ్చిన వాళ్లంతా సినిమాకు సిటీలోని మాల్‌కు పోతుంటే, మా ఊరి టాకీసు ఈగలు తోలుకుంటోంది. చూసి చూసి మేనేజరు పాత దయ్యం సినిమాల రీళ్లు తెప్పించాడు. నాకూ అమ్మకూ ఆ సినిమాలంటే ప్రాణం. పాడుబడ్డ బంగళా, గొడుగు గుడ్డతో చేసిన గబ్బిలం, ప్రతి రీలులోనూ అదే ఉరుము. తెల్లచీర దయ్యం చేతికి వాచీ కనబడిందంటే చాలు, "అగో, దానికి డ్యూటీ టైమైందట" అని అమ్మ పగలబడి నవ్వేది.

నేనప్పుడు ఒక చిన్న దవాఖానలో నర్సును. ఒకరోజు మేనేజరు వచ్చి, "చెల్లె, జర హాలు ముంగట బీపీ మిషన్ పెట్టుకొని కూసో. సినిమా గంత భయమా అని పబ్లిక్ ఎగబడ్తది" అన్నాడు. నేను వెంటనే ఒక షరతు పెట్టాను. బీపీ ఎక్కువ ఉంటే టికెట్ ఇవ్వొద్దు, ఎవరైనా సరే. ఆయన ఎగిరి గంతేశాడు. సాయంత్రానికల్లా ఆటోకు మైకు కట్టించి, "గుండె గట్టిగున్నోళ్లే రాండ్రి!" అని శేరిగూడ కాలేజీల దాకా అరిపించాడు.

నా షరతు అసలు అమ్మ కోసం. ఆమెకు రోజూ తలనొప్పి, కళ్లు తిరగడం. మా తాతను బీపీయే పక్షవాతంతో మంచాన పడేసింది. అయినా అమ్మ దవాఖాన గడప తొక్కదు, ఇంట్లో నన్ను చెయ్యి పట్టుకోనివ్వదు. "ఎండకు నొస్తుంది తియ్" అని తలకు గుడ్డ కట్టుకునేది. ఊరందరికీ బీపీ చూసే నేను రచ్చ గెలిచాను గానీ ఇంట గెలవలేకపోయాను. నాకు ఏడుపొచ్చేంత కోపంగా ఉండేది.

శుక్రవారం మ్యాట్నీకి లైను రోడ్డెక్కింది. ముసలివాళ్లు సగం మంది బీపీ చూపించుకుని, సినిమా సంగతే ఎత్తకుండా ఇంటికి పోయారు. మేనేజరు తల పట్టుకుంటే నాకు నవ్వు ఆగలేదు. అంతలో అమ్మ వచ్చి, పట్టుచీర కొంగు సర్దుకుని పహిల్వాన్‌లా చెయ్యి చాచింది. కన్నబిడ్డే కదా, ఎందుకు ఆపుతుందని ధీమా.

నూట ఎనభై. కింద నూట పది. మంచాన పడ్డ తాత కళ్లముందు మెదిలాడు. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా చేతి పట్టీ విప్పి, "అమ్మా, నీకు టికెట్ లేదు" అన్నాను.

"నన్ను జూస్తే దయ్యమే జడుసుకుంటది. నాకు బీపీ ఏంది?"

మేనేజరు బిక్కమొహం వేశాడు గానీ మాట తప్పలేదు. ఆటంతా అమ్మ బయట స్టూలు మీద కూర్చుని, లోపలి కేకలు వింటూ నన్ను తిట్టింది. మర్నాడు పొద్దున చూస్తే మా దవాఖానలో డాక్టరు ముందు కూర్చుని ఉంది. "సారూ, సినిమా ఎత్తేసేలోపు గీ బీపీ దిగాలె."

బిళ్లలు మొదలయ్యాయి. మామిడికాయ తొక్కు బందయింది. జనం తగ్గకపోవడంతో సినిమా మూడో వారంలో పడింది, అమ్మ బీపీ నూట ముప్పై ఆరుకు దిగింది. నేనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. ఇంటర్వెల్‌కు ముందు, జనాన్ని జడిపించడానికి మేనేజరు హాల్లో కట్టించిన తీగ మీద థర్మోకోల్ అస్థిపంజరం కీచుమంటూ జారి వచ్చి సరిగ్గా మా నెత్తిన ఇరుక్కుపోయింది. ఆడవాళ్లంతా కెవ్వుమన్నారు. అమ్మ లేచి దాని కాలు పట్టి గుంజింది. కాలు ఊడి చేతికొచ్చింది. హాలంతా ఈలలు. నేను కడుపు పట్టుకుని కుర్చీలోంచి జారిపోయాను.

ఆ కాలు చంకలో పెట్టుకునే అమ్మ ఇంటికి నడిచింది. దారిలో, "దయ్యానికి నేనేం భయపడలే బిడ్డా" అంది.

"అది తెలిసిందే కదా" అన్నాను నవ్వుతూ.

"మొదటి దినం మిషన్ జూసి నీ మొకం తెల్లబోయింది సూడు, గప్పుడు భయపడ్డ. గందుకే బిళ్లలేసుకున్న. సినిమాకు కాదు."