పటంల విడిచిన బండ్లబాట

మా యారాలు, అంటే మా మరిది భార్య, హుజూర్‌నగర్ దిక్కు కాలువ కింద పొలాలున్న ఇంటి బిడ్డ. నాది కోస్గి. వాన కోసం మొగులు దిక్కు చూసుకుంట కందులు, జొన్నలు వేసే ఇల్లు మాది. పెండ్లయి వచ్చిన కాణ్నుంచి ఆమె నోట నీళ్ల ముచ్చటే. "మా దిక్కు రెండు పంటలు అక్కా" అంటది, ఎవ్వలూ అడగకున్నా. డిగ్రీ చదివింది నేను, వాదంల నెగ్గేది నేను. అయినా ఆ రెండు పంటల ముందట నా డిగ్రీ ఎందుకూ పనికిరాదు.

లాక్‌డౌన్ల అందరం మా చౌటుప్పల్ ఇంట్ల ఇరుక్కున్నప్పుడు నా బిడ్డ మా ఇద్దరి ఫోన్లల్ల ఒక ఆట పెట్టింది. పెద్ద ప్రపంచ పటం, దాని నిండ గళ్లు, ఎక్కడెక్కడి మనుషులో ఆడుతుంటరు. గడి మీద జెండా పాతితే ఆ జాగా నీది, నీ రంగు వస్తది. నీ జాగాకు ఆనుకున్న గడినే పట్టాలె, దుంకి పోనియ్యదు. చెరువు పక్క గళ్లల్ల ధాన్యం దండిగ వస్తది. రాళ్ల గళ్లల్ల ఏం రాదు.

నాకు రాళ్లు వచ్చినయి. ఆమెకు వాగు ఒడ్డు. పుట్టిల్లు చూసి ఇచ్చినట్టే ఇచ్చింది ఆట. పైన ఉత్తరాన ఒక చెరువుంది, ఎవ్వలి రంగూ పడనిది. అది నాకే కావాలె, ఆమెకు దొరకొద్దు. పొయ్యి మీద చాయ పొంగుతున్నా చూడకుండ ఒక్కొక్క గడి పట్టుకుంట పైకి పోయిన.

"ఫోన్ మింగుతవా ఏంది?" అన్నడు మా ఆయన.

"చెరువు దొరకనియ్యి, అప్పుడు మాట్లాడు" అన్న.

ఆమె పైకి రాకుండ నా నీలం రంగుతోని అడ్డం కట్టుకుంట పోయిన. కానీ ఆమె ఎరుపుకు, నా నీలానికి నడుమ పైదాక ఒక వరుస గళ్లు విడిచిన. మా బాపు ఎన్నడూ పొలం గెట్టు దాక దున్నలేదు. పక్కోళ్ల బండి పోవాలె, గొర్లు పోవాలె. బాట విడుచుడు మా దిక్కు రివాజు, దానికి ఒకలు చెప్పుడు, ఒకలు అడుగుడు ఉండదు. నా వేళ్లు గూడ అక్కడ వాటంతట అవే ఆగినయి.

తెల్లారి చూస్తే ఆ వరుసంత ఎరుపు. దాని వెంబడి పైకి పోయి చెరువును చుట్టూ పట్టేసింది. వంటింట్ల యారాలు ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నది, పోయి నిలబడ్డ.

"బాటెందుకు పట్టినవ్?"

"బాటనా? ఖాళీగ ఉండె గదక్కా."

"నడుమ వరుస విడిస్తే బాట గాక ఏమైతది? మీ దిక్కు బండ్లు గాల్లె పోతయా?"

"కాలువ గట్టు మీదికెళ్లి పోతయి. పొలంల జాగా ఎవ్వలు విడుస్తరు?" పొట్టు ఊదుకుంట నవ్వింది. "నీకు తొవ్వ కావాల్నంటే అడుగక్కా. ఆటల పొత్తు అడిగే బటన్ ఉంది, నొక్కు. నేను ఒప్పుకుంట, నా జాగలకెళ్లి పోదువు."

అడుగుడు. ఆమెను. ఆమె ఒప్పుకునుడు.

"నీ తొవ్వల నువ్వే నడువు" అని బయటికొచ్చిన.

తర్వాత మరిదికి హుజూర్‌నగర్ల పని దొరికి వాళ్లు అక్కడికే పోయిన్రు. నేను ఆట విడువలేదు. తూర్పున రాళ్లెంబడి చుట్టు తిరిగి చెరువుకు ఇంకో దిక్కునుంచి పోయిన, అక్కడా ఎరుపే. మనిషి ఆడకున్నా జాగా ఆ పేరు మీదనే ఉంటదట. ఆమె ఒప్పుకుంటే తప్ప లోపలికి పోనియ్యదు.

మొన్న ఫోన్ల అది ఇది మాట్లాడుకుంట మెల్లగ తీసిన ముచ్చట. "ఆ ఆట ఆడుతున్నవా?"

"ఏ ఆటక్కా?" అన్నది. జెండాలు, చెరువు అని యాది చేసిన. "ఓ, అదా! ఎప్పుడో తీసేసిన. ఫోన్ గూడ మారింది. నువ్వు ఇంకా ఆడుతున్నవా?"

నేను ఏండ్ల సంది చుట్టూ తిరుగుతున్న చెరువు, ఆమెకు యాది గూడ లేదు.

"ఎక్కడి తీరిక" అని ఫోన్ పెట్టి, పటం తెరిచిన. నీళ్ల చుట్టూ ఎరుపు అట్లనే ఉన్నది. పొత్తు అడిగేది నొక్కి చూసిన. అడగవచ్చు గని, అవతల ఒప్పుకునే మనిషి లేదు.