దబ్బనమ్మ విసిరిన తాడు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. రేవులో మాత్రం అందరికీ ఆవిడ దబ్బనమ్మే. పడవల మీద కప్పే టార్పాలిన్లు కుట్టడం ఆవిడ పని. అరచేతికి తోలుపట్టీ బిగించి, జానెడు దబ్బనంతో మడత మీద మడత వేసి కుట్టిందంటే, గాలివాన పట్టుకుని లాగినా కుట్టు కదిలేది కాదు. అయితే ఆ పేరు పనిని చూసి పెట్టింది కాదు, నోటిని చూసి పెట్టింది. ఎంత మందపాటి మనిషికైనా ఆవిడ మాట దిగేది.

కోపం అందరికీ వస్తుంది, పోతుంది. దబ్బనమ్మకి వచ్చిన కోపం ఇల్లు కట్టుకుని కాపురం పెడుతుంది. అలా కాపురం పెట్టిన కోపాల్లో పెద్దది చెల్లెలి మొగుడి మీద.

కాలువల మీద బతికేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. చిక్కుకుపోయిన పడవ నుంచి తాడు విసిరితే, వెనక వచ్చేవాడు అందుకుని లాగాలి. పగవాడైనా సరే, ముందు లాగి, తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. దబ్బనమ్మకి పళ్ళు రాకముందే తెలిసిన సంగతి అది.

పెళ్ళయిన కొత్తలో దబ్బనమ్మా, ఇంజన్లు బాగుచేసే మెకానిక్ మొగుడూ పడవలోనే కాపురం ఉండేవారు. పడవ మీది గదిలో ఒక మూల పొయ్యి, ఇంకో మూల కుట్టుమిషను. వానలు వెనకబట్టి చలి ఇంకా రాని రోజుల్లో, ఉత్తరపు గాలి అందుకుని కాలువల వెంట దక్షిణాదికి వెళ్ళేవారు. ఒక ఏడు, కాలువ సముద్రపు పాయలో కలిసే మొగ దగ్గర పడవ ఇసుకమేట మీద కూర్చుండిపోయింది. మెకానిక్ గది కప్పు మీదెక్కి గడతో నీళ్ళ లోతు చూస్తున్నాడు. వెనక నుంచి చెల్లెలి మొగుడి పడవ వస్తోంది, నిండా పెంకులు వేసుకుని. గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది, కడుపుతో. ఇంకేం, అయినవాళ్ళే వచ్చారనుకుంది దబ్బనమ్మ. పరుగున పడవ వెనక భాగానికి వెళ్ళి తాడు విసిరింది. తాడు వెళ్ళి సరిగ్గా వాళ్ళ పడవ పక్కనే పడింది. మరిది చెయ్యి చాపలేదు. ఒక్కసారి ఇటు చూశాడు, మొహం అవతలి గట్టు వైపు తిప్పుకున్నాడు, వెళ్ళిపోయాడు. చెల్లెలు తల దించుకుంది.

సాయంత్రం పోటుతో పాటు గాలి లేచింది. పడవ రెండు చెక్కలయింది. ఇంజను జారి మెకానిక్ మోకాలి మీద పడింది. కుట్టుమిషను మెల్లగా పక్కకి ఒరిగి నీళ్ళలోకి జారిపోతుంటే, గుంజ పట్టుకుని వేలాడుతూ చూసింది దబ్బనమ్మ.

ఆ తర్వాత అద్దె గది, రేవులో రేకుల షెడ్డు, పరాయివాళ్ళ దగ్గర కూలి. చెల్లెలు రెండుసార్లు వచ్చి తలుపు కొట్టింది. దబ్బనమ్మ లోపల కూర్చుని కుట్టుకుంటూనే ఉంది, లేవలేదు. మరిది కూడా ఒకసారి వచ్చాడు. మెకానిక్ చంకలో కర్ర పెట్టుకుని సందు చివరిదాకా వెళ్ళి, చాలాసేపు మాట్లాడి పంపేశాడు. బాగా గడ్డి పెట్టి ఉంటాడని దబ్బనమ్మకి చెప్పలేనంత సంతోషం. ఆ పూట మొగుడికి ఇంకో ముద్ద ఎక్కువే వడ్డించింది.

ఏళ్ళు గడిచాయి. తుక్కులో దొరికిన పడవకి చెక్కా మేకూ తగిలించి, పాత ఇంజను బిగించి, మెకానిక్ మళ్ళీ ఒక పడవ తయారుచేశాడు. సరిగ్గా ఆ ఏడే, ఆవిడ కూలికి కుట్టే దుకాణం యజమాని ఒక పెద్ద టార్పాలిన్ పని తెచ్చిపెట్టాడు. దక్షిణపు రేవులో ఉప్పు మోసే పడవకట. యజమాని పడవ పేరు చెప్పాడు, మనిషి పేరు చెప్పాడు. దబ్బనమ్మ చేతిలో దబ్బనం ఆగిపోయింది. ఆ మనిషి మరిదే.

"నేనే కుడతాను. మేం ఎలాగూ అటే వెళ్తున్నాం, నేనే ఇచ్చొస్తాను," అంది.

కుట్టింది కూడా. అంచులన్నీ నైలాన్ దారంతో, చూసినవాళ్ళు మెచ్చుకునేట్టు. నడిమి కుట్లు రెండూ మాత్రం మామూలు నూలుదారంతో వేసి, పైన నల్లమైనం రుద్దింది. ఇక ఏది నైలానో ఏది నూలో కుట్టినవాళ్ళకి తప్ప తెలియదు. దక్షిణాన చలికాలపు వానలు ముందున్నాయి. నాలుగు వానలకి నూలు నాని పురి వదిలేస్తుంది. ఆ తర్వాత వచ్చే పెద్దవానకి కుట్టు నిలువునా విచ్చుకుంటుంది. కింద ఉప్పు. 'చూడాలి వాడు,' అనుకుంది దబ్బనమ్మ పళ్ళ మధ్య దారం కొరుకుతూ. 'నా మిషను జారిపోతుంటే నేను చూసినట్టు, వాడి ఉప్పు కరిగి కాలువలో కలుస్తుంటే నిలబడి చూడాలి.' ఆ వాన పడేదాకా ఆ రేవులోనే ఉండాలని కూడా నిర్ణయించుకుంది. చూడకపోతే అంత కష్టపడి కుట్టడం దేనికి?

మెకానిక్ పాపం మురిసిపోయాడు. అక్కాచెల్లెళ్ళు కలుసుకోబోతున్నారనుకున్నాడు.

పడవ బయలుదేరింది. మోకాలు మడతపడదు కాబట్టి ఆయన ముందు కూర్చుని దారి చెబుతాడు. చుక్కాని ఆవిడ చేతిలో. కాలువకి అటూ ఇటూ గోదాములు, వంతెనల కింద చల్లటి చీకటి, గట్ల మీద ఆరేసిన బట్టలు. ఎండలో ఘాటు తగ్గింది. గాలి వీపు మీద చెయ్యి వేసి నడిపిస్తున్నట్టుంది. ఇంకెవరైనా అయితే ఆ హాయికి కూనిరాగం తీసేవారు. దబ్బనమ్మ మరిదికి చెప్పబోయే మాటలు సాధన చేస్తోంది. 'అయ్యో, కుట్టు విచ్చుకుందా మరిదీ? తాడు విసరకపోయావా, ఎవరైనా అందుకునేవారు.' ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందంటే, అటూ ఇటూ తిప్పి తిప్పి అనుకుంది.

"చెల్లెలికి ఏమైనా పట్టుకెళ్దామే. ఉత్తచేతులతో ఏం వెళ్తాం?" అన్నాడు మెకానిక్.

"ఉత్తచేతులెందుకూ? టార్పాలిన్ పట్టుకెళ్తున్నాంగా," అంది.

మొగ వచ్చింది. నీళ్ళ రంగు మారింది. మెకానిక్ కాలు ఈడ్చుకుంటూ గది కప్పు మీదికెక్కి గడ తీసుకున్నాడు.

"అవతలి గట్టు మీద తెల్లగుంజ కనిపిస్తోందా? దాని మీంచి కళ్ళు తియ్యకు. ఇక్కడ లోతు సన్నటి గాడి. పక్కకి చూశావా, చెయ్యి కూడా అటే పోతుంది, ఇసుకలో కూర్చుంటాం."

దబ్బనమ్మ తల తిప్పి తెల్లగుంజని చూపుతో పట్టుకుంది. చుక్కాని పట్టి ఈ చోటు దాటడం ఆవిడకి ఇదే మొదలు. కుడివైపున, తమ పాత పడవ విరిగిన మేట దగ్గరవుతోంది. చూడకూడదు. మొహం అవతలి గట్టు వైపు, మెడ బిర్రబిగిసిపోయి. ఈ మొహం తాను ఎక్కడో చూసింది. ఆనాడు, మరిది పడవలో. 'ఛీ, వాడికి నేను సాకులు వెతకడమేంటి!' అని తననే తిట్టుకుని, పంతానికి తల ఇటు తిప్పి ఆ మేట కేసి గుర్రుగా చూసింది.

చెయ్యి కూడా అటే పోయింది. పడవ మెత్తగా, నింపాదిగా, ఇసుక మీద కూర్చుంది.

"చెప్పానా!" అన్నాడు కప్పు మీంచి.

"చెప్పావులే!"

వెనక ఇంజను చప్పుడు. ఇటుకల పడవ ఒకటి వస్తోంది, అంచుదాకా నీళ్ళలో మునిగి. దబ్బనమ్మ లేచి తాడు చుట్ట అందుకుంది. ఆనాటి తాడే అది. పారేయమని మెకానిక్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చెయ్యి వెనక్కి తీసి విసరబోతూ, ఇటుకల పడవవాడి మొహం చూసింది. వాడు ఆవిడ కేసి చూడడం లేదు. ఆవిడ తల మీదుగా పైకి చూస్తున్నాడు.

దబ్బనమ్మ వెనక్కి తిరిగింది.

గది కప్పు మీద మొగుడు. గడ కాళ్ళ దగ్గర పడేసి, రెండు చేతులూ తలపైకెత్తి కత్తెరలా ఆడిస్తున్నాడు. రావద్దు, నీళ్ళు లేవు, పో. ఇటుకల పడవవాడు అర్థమైనట్టు తలూపి, మొహం తెల్లగుంజ వైపు తిప్పుకుని, వాళ్ళ పక్కగా సాగిపోయాడు.

తాడు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"ఆ రోజు కూడా ఊపావా?"

"ఏ రోజు?" అన్నాడు మెకానిక్ నీళ్ళు నములుతూ.

"నా సంగతి నీకు తెలుసు."

ఆయన కప్పు మీదే కూలబడ్డాడు. "ఊపాను. వాడి పడవ నిండా పెంకులే. పక్కకొస్తే వాడూ దిగబడేవాడు. మీ చెల్లెలు కడుపుతో ఉంది. పోటు వస్తే మనం లేస్తాంలే అనుకున్నా. గాలి లేస్తుందని కలగన్నానా?"

"మరి ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"ఆసుపత్రిలో నేను కళ్ళు తెరిచేసరికే నువ్వు వాణ్ణి తిడుతున్నావు. మిషను పోయిందని అన్నం ముట్టని దానివి, తిట్టడం మొదలెట్టాక తిన్నావట. నర్సు చెప్పింది. చేయి ఊపింది నేనేనని అప్పుడు చెబితే? కాలు లేదు, పడవ లేదు. నువ్వూ పోతే నేనేమైపోను?"

"సందు చివర వాడితో ఏం మాట్లాడావు?"

మెకానిక్ గడ వంక చూస్తూ చెప్పాడు. "వదినకి నిజం చెప్పేద్దాం అన్నయ్యా అన్నాడు. నేనే వద్దన్నాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. సరే, తిట్లేగా, నేను పడతానులే, మీ కాపురం జాగ్రత్త అని వెళ్ళిపోయాడు."

దబ్బనమ్మకి ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్నేళ్ళు రాత్రీ పగలూ మేపి పెంచిన కోపం. ఇప్పుడది ఎవరిది? "నా కోపాన్ని తోలుకెళ్ళి పరాయివాళ్ళ గుమ్మంలో కట్టేశావు కదయ్యా!" అని అరిచింది. గట్టు మీద కొంగలు లేచిపోయాయి. తాడు చుట్ట ఎత్తి మొగుడి మీదికి విసిరికొట్టింది. మోకాలికి తగలకుండా చూసుకునే విసిరింది, అయినా విసిరింది.

తర్వాత గదిలోకి వెళ్ళి టార్పాలిన్ ఈడ్చుకొచ్చి ఆయన ముందు కుప్పగా పడేసింది. బ్లేడు చేతిలో పెట్టింది.

"నడిమి కుట్లు విప్పు."

"ఎందుకే? బంగారంలా ఉంది కదా?"

"నూలుదారం. వాడి ఉప్పు కరిగిపోవాలని వేశాను."

మెకానిక్ టార్పాలిన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. చెల్లెలి ఇంటికి ఏం పట్టుకెళ్తున్నారో ఆయనకి అప్పుడు అర్థమైంది. మొదటి పోగు తెంపాడు.

పోటు వచ్చి పడవని నెమ్మదిగా ఎత్తింది. గాలి లేవలేదు. అక్కడి నుంచి దక్షిణపు రేవుదాకా ఆయన పోగులు తెంపుతూనే ఉన్నాడు. ఆవిడ టీ పెట్టి గ్లాసు ఠంగుమని ముందు పెట్టేది, అంతే. కోపం తగ్గిందనుకునేరు. తగ్గలేదు. ఇల్లు మారింది.

దక్షిణపు రేవులో ఉప్పు కుప్పలు ఎండకి కళ్ళు చెదిరేట్టు మెరుస్తున్నాయి. మెట్ల మీద మరిది నిలబడి ఉన్నాడు, జుట్టు సగం నెరిసి. పడవ దగ్గరవుతుంటే దబ్బనమ్మ తాడు అందుకుంది. సాధన చేసిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. విసిరింది.

మరిది చేతులు చాపాడు. చాపిన చేతులతో, ఒక్క క్షణం, ఆవిడ తల మీదుగా గది కప్పు కేసి చూశాడు. కప్పు మీద మెకానిక్ ఒళ్ళో టార్పాలిన్, చేతుల నిండా నూలుపోగులు. అప్పుడు తాడు పట్టుకున్నాడు.

దబ్బనమ్మ ఆ చూపు చూసింది. ఆనాడూ ఇలాగే చూసి ఉంటాడు. తన వంక చూశాడనుకుంది తను.

"బాగున్నావా వదినా?" అన్నాడు మరిది తాడు గుంజకి చుడుతూ.

"బాగోలేను. నీ టార్పాలిన్‌కి కావాలనే చెడ్డదారం వేశాను. విప్పించాను. మళ్ళీ కుట్టి ఇస్తాను," అంది గుక్కతిప్పుకోకుండా. తర్వాత గట్టు మీదికి దిగి, "చెల్లెలేది?" అంది.

మరిది రేవు ఎదురుగా ఉన్న ఇంటి కేసి చూశాడు. గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది. పక్కనే, ఆనాడు కడుపులో ఉన్న పిల్ల, తల్లి కంటే పొడుగ్గా. దబ్బనమ్మ ఎండలో రోడ్డు దాటి ఆ ఇంటి మెట్ల దాకా వెళ్ళింది. "చెల్లీ," అంది.

చెల్లెలు అక్కని పైనుంచి కిందికి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవి బిగిసింది. పిల్ల రెక్క పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు రేవుదాకా వినిపించింది.

"దానికి కోపం వదినా," అన్నాడు వెనక నుంచి మరిది ఇబ్బందిగా. "నేను చెబుతానుండు."

"నువ్వేం చెప్పకు. నీకు అన్నీ నీ నెత్తిన వేసుకునే జబ్బు," అంది దబ్బనమ్మ. "టార్పాలిన్ ఇటు పట్రమ్మను మీ అన్నయ్యని."

మెకానిక్ కుంటుకుంటూ మోసుకొచ్చాడు. ఆవిడ చెల్లెలి ఇంటి మెట్టు మీద కూర్చుని, అరచేతికి తోలుపట్టీ బిగించి, దబ్బనంలో నైలాన్ దారం ఎక్కించింది. లోపల నుంచి గిన్నెలు విసురుగా పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ విసురు ఆవిడకి బాగా తెలుసు. అమ్మది, తనది, దానిది, ఒకటే చెయ్యి.

ఎండ మెట్టు దిగేలోపు ఒక కుట్టు పూర్తయింది. తలుపు తెరుచుకోలేదు. దబ్బనమ్మ పళ్ళతో దారం తెంపి, రెండో కుట్టు మొదలుపెట్టింది.