మా తమ్ముడు నా పేరు చెప్పి పెట్టిన పాట

మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన తన కారును అమ్మడానికి ఈ రోజు మా తమ్ముడు నన్ను కూడా పెనుకొండకు తీసుకుపోయాడు. పెద్దక్క వెనక సీట్లో ఉంటే బేరానికి నమ్మకమట. ఇది అమ్ముడుపోతేనే కొత్తది కొంటానని ఇంట్లో మాటిచ్చాడు మరి.

కొనేందుకు ధర్మవరం నుంచి వచ్చినాయన ముప్పై ఏళ్లు ట్యాక్సీ తోలినవాడు. ఆయన స్టీరింగ్ పట్టి హిందూపురం దారి ఎక్కించగానే తమ్ముడు భక్తి పాట గట్టిగా పెట్టాడు.

“మా అక్కకు పాట లేకుంటే ప్రయాణం సాగదప్పా!”

నేను దారిలో మౌనంగా జపం చేసుకుంటానని వాడికి తెలుసు.

“శానా గట్టిగా ఉండాది, తగ్గించేదా అక్కా?” అన్నాడాయన.

“ఆపేయప్పా, జపం చేసుకోవాల” అన్నాను.

పాట ఆగింది. నా సీటు కింద నుంచి హోరు వినిపించింది. ఆయన యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు. హోరు గొంతు మార్చింది. న్యూట్రల్ చేశాడు. అయినా పోలేదు.

“ఇంజిన్ది కాదు, వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్లో బేరింగులు అరిగిపోయినాయబ్బా.”

“కాదప్పా, అది టైర్ల మోత.”

“టైర్లు మొన్ననే కొత్తవి ఏసినానంటివే?”

తమ్ముడు కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చున్నాడు.

బాగు చేయించినాక కబురు పెట్టమని ఆయన ధర్మవరం బస్సెక్కాడు. తిరిగి వస్తూ తమ్ముడు, “ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టలేకపోతివా అక్కా?” అన్నాడు.

ఆ హోరు మీద కూర్చుని నేను ఆర్నెల్లుగా జపం చేస్తున్నాను. ఓపిక గురించి నాకే చెప్పాడు. మీరైతే పాట విని ఊరుకునేవారా?