ఎడమ కార్నర్

మా కాలేజీల ఆడపిల్లల కబడ్డీ టీం మొదటిసారి కట్టినప్పుడు ఏడుగురు దొరుకుడే కష్టమైంది. చదువుకు పంపుడే గొప్ప అనుకునె ఇండ్లల్ల, నిక్కరేసుకొని మట్టిల పొర్లుతమంటె ఎవరొప్పుకుంటరు? ఆఖరికి నలుగురు మరాఠీ పిల్లలు, ఉర్దూ మాట్లాడె పిల్ల ఒకామె, తెలుగోళ్లుండె పద్మనగర్ నుంచి మేమిద్దరం కలిసి టీం అయినం. నేను రెండో ఏడు, అక్క ఆఖరి ఏడు.

అక్క అంటె సొంత అక్క కాదు. గైబీ నగర్ల మాకు సాంచాలు, అంటె కరెంటు మగ్గాలుండె. వాళ్ల నాయిన వాటి మీద బట్ట నేసె కూలి. పొద్దుగాల ఇంట్ల నూలు కండెలు చుట్టి, జుట్టుకు అంటిన నూగు దులుపుకుంట గ్రౌండుకు వచ్చేది. గీత దాటి కూత పెట్టిందంటె అవతలి టీం మొత్తం వెనుకకు జరిగేది. నాది ఎడమ కార్నర్. వచ్చినోళ్ల చీలమండ పట్టుడే నా పని. మిగతా అందరి కాళ్లు నా చేతికి చిక్కినయ్ గని, అక్కది ఒక్కసారి గూడ చిక్కలే. నవ్వుకుంట తప్పిచ్చుకొని పోయేది. ఆ నవ్వు నాకు గుచ్చుకునేది. ఈ సంగతి అప్పట్ల ఎవ్వలకు చెప్పలే.

ఆ ఏడు యూనివర్సిటీ టీంకు అక్కను తీసుకున్నరు. మా కాలేజీ నుంచి ఆమెనే మొదలు. నా పేరు స్టాండ్‌బైల రాసుకున్నరు, అంటె ఎవరన్న ఆగిపోతెనే నేను పోవాలె.

బయలెల్లెటందుకు నాలుగు రోజులుందనంగ యూనివర్సిటీ కోచ్ మేడం మా గ్రౌండుకు వచ్చింది. మా ఆటల సర్ మెల్లగ ఆడమన్నడు, దెబ్బలు తాకిచ్చుకోవద్దన్నడు. అక్క కూతకొచ్చింది. నేను వంగి చీలమండ పట్టిన. మొదటిసారి దొరికింది. ఆమె గీత దిక్కు మలిగింది, నేను ఇవతలికి గుంజిన. మోకాలు పక్కకు ఒరిగింది. కూత ఆగింది.

"ఇడువు చెల్లె" అన్నది మెల్లగ.

నేను ఇడువలే. సర్ విజిల్ ఊదినంకనే ఇడిసిన.

మోకాలు లోపలి నరం తెగిందని, ఆపరేషన్ కావాలని డాక్టర్ అన్నడు. వాళ్ల నాయిన తలూపి ఇంటికి తీసుకపోయిండు. కట్లు కట్టెటాయినను పిలిపిచ్చిండు. మా నాయిన "ఆటలన్నంక దెబ్బలు తాకుతయ్" అని ఊకున్నడు. ఆపరేషన్ చేయిద్దామని ఆయిన అనలే, నేను అడగలే.

తెల్లారి నేను సాంచాల కాడికి పోయిన. వాళ్ల నాయిన తెగిన పోగు అతుకుతున్నడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నడు.

"నువ్వు పోతున్నవట గద బిడ్డా, యూనివర్సిటీకి."

"అవ్ కాకా."

"మంచిగ ఆడు. మా పిల్ల గూడ గదే చెప్పమన్నది."

తిట్టినా బాగుండేది.

ఆమె కొలతకు కుట్టిచ్చిన జెర్సీ నాకు భుజాల కాడ వదులైంది. రెండో ఆటలనే ఓడిపోయి వచ్చినం. అయినా ఆ సర్టిఫికెట్ తోని నాకు అదే కాలేజీల ఆటల టీచర్ కొలువు దొరికింది. అక్క పరీక్షలు రాయలే. నార్పోలిల నేతపని చేసెటాయినకు ఇచ్చి పెండ్లి చేసిన్రు.

పోయిన ఏడు కాలేజీల ఆటల చరిత్ర రాసి గోడకు పెట్టాలన్నరు. పాత టీంల ఫోటోలు, యూనివర్సిటీకి ఆడినోళ్ల పేర్లు జమ చేసుడు నా మీద పడ్డది. మొట్టమొదట అక్క పేరే రాసిన. ప్రిన్సిపాల్ చూసి, ఈమె ఒక్క మ్యాచ్ గూడ ఆడలేదు గదా అన్నడు. ఆ పేరు కొట్టేసిండు. నా పేరు ఉంచిండు.

ఆ మాట చెప్పుదామని నార్పోలి పోయిన. అక్క కింద కూసోలేదు. కుర్చీల కూసొని, కాలు చాపుకొని బట్ట మడతలు పెడుతున్నది. పేరు సంగతి చెప్పిన.

"ఆడలే గద, ఎట్ల రాస్తరు?" అన్నది.

కొంచెంసేపు చేతులు ఆపలే. అటెన్క అడిగింది, "ఒకటి అడుగుత, చెప్తవా? ఆ రోజు నేను ఇడువు అన్నది నీకు ఇనపడ్డదా?"

ఇనపడలే అందామనుకున్న. ఇన్నేండ్ల సంది అందరికి నేను చెప్పింది గదే. వాళ్లింటి గడపల కూసొని ఆ మాట నోట్లకెల్లి రాలే.

"ఇనపడ్డది అక్కా. మేడం చూస్తున్నది. నిన్ను నేను ఆపిననని ఆమెకు తెలవాలనుకున్న."

అక్క మడత పెట్టిన బట్టను చేతితోని సాపు చేసింది. పక్క షెడ్ల సాంచాల చప్పుడు. ఏడుస్తదేమో అనుకున్న, ఏడువలే. తిడుతదేమో అనుకున్న, తిట్టలే.

"నాకు ఎరుకే. నీ నోటితోని ఇందామని ఉండె" అన్నది.

నేను కాళ్లు పట్టుకోబోయిన. "వద్దు" అని కాలు వెనుకకు గుంజుకున్నది. గుంజుకున్నప్పుడు నొప్పికి మొకం ముడుచుకపోయింది.

ఆ తర్వాత రెండుసార్లు పోయిన. తలుపు తీసింది, కూసోమన్నది, పిల్లల చదువులు అడిగింది. మమ్ములను అక్కాచెల్లెండ్లనుకునెటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. నన్ను మాత్రం ఆమె చెల్లె అని పిలుసుడు బందు చేసింది.