రొయ్యల గుంట గట్టున పంచనామా

మా బజారులో టైలరు భాయ్ ఉండేవాడు. ఏ కాగితమైనా పైకి చదవనిదే సంతకం పెట్టేవాడు కాదు. ఆ చాదస్తానికి మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఒకనాడు రొయ్యల గుంటలో కూలి మనిషి చనిపోయాడు. పంచనామాకు సాక్షులుగా పోలీసులు మా ఇద్దరినీ పిలిచారు. తొందరగా బయటపడితే చాలనుకుని నేను చదవకుండానే సంతకం పెట్టేశాను. భాయ్ అద్దాలు పెట్టుకుని చదవసాగాడు. ‘తాగిన మత్తులో నీళ్లలో పడి’ అన్నచోట ఆగాడు.

"సార్, అరచేతి మీద కాలిన మచ్చ ఉండాది గదా. మోటారు వైరు తగిలినట్టుండాది. అది రాయలేదే?"

పక్కనే ఉన్న గుంట యజమాని, "నీకెందుకు భాయ్? సంతకం పెట్టి పో," అన్నాడు. ఆ ఇంటి బట్టలన్నీ కుట్టేది భాయే.

"చూడమనే గదన్నా పిలిచినారు. చూసినాను," అన్నాడు భాయ్.

ఎస్సై శవం దగ్గరికి వెళ్లి, అరచేయి తిప్పి చూశాడు. పంచనామా తిరిగి రాయించాడు. మచ్చ సంగతి అందులో చేరింది. ఇద్దరం సంతకాలు పెట్టాం.

తిరిగి వస్తూ, "భయమెయ్యలేదా భాయ్?" అని అడిగాను.

"ఎయ్యకేం? నువ్వు పెట్టేసినాక ఇంకా ఎక్కువేసిందన్నా. ఒంటిగాణ్ణయిపోతి," అన్నాడు.