అవ్వ కుట్టిన మెత్త

ఆ రోజు పొద్దున మానేరు ఏటి ఇసుకలో ప్రాక్టీస్ చేస్తున్నాం. స్మాష్ కొట్టి దిగేసరికి కుడి మోకాలిలో టప్పుమంది. అవతల నిలబడ్డ లావణ్యకు కూడా వినిపించింది.

"ఏందక్కా గా సప్పుడు?"

"ఏం గాలే, బాల్ తే," అన్నాను. ఒక్క అడుగు వేశానో లేదో, మోకాలు పట్టుతప్పి కూలబడ్డాను.

లావణ్య నా పార్ట్‌నర్, నిర్మల్ ఊరి పిల్ల. బీచ్ వాలీబాల్‌లో జట్టుకు ఇద్దరమే. సబ్‌స్టిట్యూట్ ఉండదు. నేను పడితే ఆమె ఆటా ఆగిపోతుంది. ఆ భయంతోనే పది రోజులు క్రేప్ బ్యాండేజ్ చుట్టి నొప్పిని దాచాను. వాపు తగ్గగానే మళ్లీ ఎగిరాను, మళ్లీ పడ్డాను. ఇంత మొండితనం ఎవరికీ ఉండకూడదు!

కరీంనగర్‌లో డాక్టరు గారు ఎంఆర్‌ఐ చూసి, "ఏసీఎల్ కంప్లీట్ టేర్. మోకాలి లోపల లిగమెంట్ మొత్తం తెగింది. మామూలుగా నడవొచ్చమ్మా. ఆడాలంటే మాత్రం సర్జరీ కావాలె," అన్నారు. ఆట తప్ప నాకింకేమీ రాదు. "ఎప్పుడు చేస్తరు సార్?" అని మాత్రం అడిగాను.

సర్జరీ బాగానే జరిగింది. డిశ్చార్జ్ రోజు ఫిజియోథెరపిస్ట్ మేడం వచ్చి, కాలు పూర్తిగా చాపి ఉంచాలనీ, మోకాలి కింద ఏదీ పెట్టొద్దనీ చెప్పారు. మా అమ్మను నేను అవ్వ అంటాను. అవ్వ అప్పుడు మందులకు కిందికి వెళ్లింది. నేను మగతలో తలూపాను.

మాది సిరిసిల్లలో పవర్‌లూమ్ ఇల్లు. గుడ్డ ముక్కలకు కొదవ లేదు. అవ్వ వాటిని దట్టంగా కుక్కి, నా మోకాలి కిందికి సరిగ్గా సరిపోయే మెత్త, అంటే చిన్న దిండు, కుట్టింది. "జర పానం హాయిగుంటది బిడ్డా," అంటూ రోజూ తనే సర్దేది. నిజంగానే హాయిగా ఉండేది. మేడం మాట గుర్తొచ్చినా, అంత ప్రేమగా కుట్టినదాన్ని వద్దనడానికి నోరు రాలేదు. పైగా బస్సు కుదుపులకు భయపడి ఫిజియోథెరపీకి వెళ్లడమూ వాయిదా వేశాను.

నెల తర్వాత కాలు తిన్నగా చాపలేకపోయాను. మేడం కొలిచి చూసి, "ఎక్స్‌టెన్షన్ పోయింది. ఇట్లనే బిగుసుకుంటే ఆట మర్చిపోవాలె. మోకాలి కింద ఏమన్న పెట్టిన్రా?" అన్నారు.

"నేనే మెత్త వెట్టిన మేడం. నా బిడ్డ కాలు నేనే ఖరాబ్ జేసిన," అని అవ్వ భోరుమంది.

"ఊకో అమ్మా, నీకు ఎవరన్న చెప్పిన్రా?" అంటూ మేడం నా వైపు చూశారు. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

అక్కడే మేడం అవ్వకు అన్నీ నేర్పారు. ఆ మెత్తనే మడమ కింద పెట్టి, మోకాలిని రోజుకు మూడు పూటలు అరచేత్తో కిందికి నొక్కాలి. నేను కేకలు పెడితే అవ్వ, "ఒర్రు, ఎంత ఒర్రుతవో ఒర్రు. నేనైతే ఇడిసిపెట్ట," అనేది. రెండు నెలలకు కాలు తిన్నగా వచ్చింది.

ఈలోగా లావణ్యను వేరే జట్టుకు రమ్మన్నారు. పోలేదు. "నువ్వు జల్ది రా అక్కా, ఫికర్ వెట్టుకోకు," అంది. నా కోసం ఒక సీజన్ వదులుకున్న పిల్లకు ఏమిచ్చి రుణం తీర్చుకోను?

సర్జరీ అయిన ఏడాదికి ఇద్దరం మళ్లీ కోర్టులో దిగాం. మొదటి మ్యాచ్ ఓడిపోయి కూడా నవ్వుకుంటూ బయటికొచ్చాం. ఇప్పుడూ ఆడుతున్నాను. చలికాలం పొద్దున మోకాలు కాస్త మొరాయిస్తుంది, వార్మప్ ఎక్కువ చేస్తాను.

ఒక్క మాట చెప్తాను. డాక్టరు చెప్పేటప్పుడు మీకు సేవ చేసే మనిషిని తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. మా అవ్వకు చెప్పిన రోజు నుంచే నా కాలు బాగుపడింది.